వరి రైతు చేతిలో వాన కబురు

వానలను గూర్చి ముందుగా తెలిపే శాస్త్రం నేడు రైతు జేబులో ఇమిడే ఫోను వరకు వచ్చింది. రానున్న అయిదు దినాలలో వాన ఎంత కురుస్తుంది, ఎండ ఎంత కాస్తుంది, గాలి ఏ దిక్కునుండి ఎంత వేగంతో వీస్తుంది, గాలిలో తేమ ఎంత ఉంటుంది అనే సమాచారంతో పాటు, ఆ దినాలలో పైరుకు ఏమి చేయవలెనో, ఏమి చేయకూడదో కూడ తెలుగులో అందుతున్నది. దీనినే వాతావరణ ఆధారిత వ్యవసాయ సలహా అంటున్నారు.

ఇట్టి సేవను గూర్చి సాధారణంగా అందరూ అడిగే ప్రశ్న ఒకటే: చెప్పినట్లు వాన వచ్చిందా, లేదా? ఆ ప్రశ్న అవసరమైనదే. కాని ఎకరమో రెండెకరాలో వరి పండించే రైతు అంతకంటె ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. ఆ కబురు చేరిన గడియకు తాను మార్చుకోగలిగిన పని ఏదైనా మిగిలి ఉన్నదా? నారు పోయక ముందు చేరిన మాటకు ఒక విలువ. పోసిన మరునాడు చేరిన మాటకు మరొక విలువ. కోత యంత్రం దొరికే ఊరిలో ఒక విలువ. దొరకని ఊరిలో మరొక విలువ. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు, తెలంగాణలో ఒక హెక్టారు మాత్రమే. ఇంత చిన్న కమతంలో ఒక్క తప్పు అడుగు పడితే ఆ సంవత్సరానికి సరిదిద్దుకొనే అవకాశం ఉండదు. అందువల్ల ఈ సేవలను ఆ రెండవ ప్రశ్న వైపునుండి పరిశీలించడం ఉచితం.

మన పెద్దలు సంవత్సరాన్ని 27 కార్తెలుగా విభజించి, ఒక్కొక్క కార్తెకు పదమూడు, పద్నాలుగు దినాల చొప్పున సేద్యపు పనులను పొందుపరచుకొన్నారు. జూన్ మొదటి వారం దాటగానే మృగశిర ప్రవేశిస్తుంది. దానితో ఏరువాక సాగుతుంది. ఇది తరతరాల అనుభవం నుండి తేల్చిన సగటు. ఆ సగటును తేలికగా తీసివేయనక్కర లేదు. ఐతే కార్తె ఏటేటా అదే తేదీన వస్తుంది, వాన మాత్రం ఆ తేదీకి కట్టుబడి రాదు. ఈ ఏడు సగటుకు ఎటువైపు ఎంత దూరంగా ఉండబోతున్నదో చెప్పడమే వాతావరణ శాస్త్రం తలపెట్టిన పని.

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. వ్యవసాయం కొరకు ప్రత్యేకంగా ఒక విభాగం 1932లో పూనాలో ఎల్. ఏ. రాందాస్ గారి ఆధ్వర్యంలో ప్రారంభమైంది. 1945 నుండి రైతుల వాతావరణ ప్రకటన ఆకాశవాణి ద్వారా ప్రాంతీయ భాషలలో వెలువడసాగింది. రేడియో పత్రికలో వ్రాస్తున్నాను కనుక ఈ మాట కొంచెం గర్వంతోనే చెబుతున్నాను: ఈ దేశంలో వాతావరణ శాస్త్రజ్ఞుని మాట రైతు చెవిన వేసిన తొలి యంత్రాలలో రేడియో ఒకటి. కాని ఆ ప్రకటనకు ఒక పరిమితి ఉండేది. కోస్తా జిల్లాలలో చెదురుమదురు జల్లులు అంటే, శ్రీకాకుళం మొదలు నెల్లూరు వరకు వినేవారందరికీ అదే మాట. తన ఊరు చెదురులో చేరుతుందో, మదురులో చేరుతుందో రైతు తానే ఊహించుకోవలసి వచ్చేది.

1976లో రాష్ట్ర వ్యవసాయ శాఖల సహకారంతో సలహాలు జోడించడం ఆరంభమైంది. 1988లో మధ్యకాలిక వాతావరణ సూచనల కొరకు జాతీయ కేంద్రం వెలసిన తరువాత మూడు నాలుగు దినాల ముందు చూపు సాధ్యమైంది. నేడు గ్రామీణ కృషి మౌసమ్ సేవ అనే పథకం క్రింద దేశంలో 130 క్షేత్ర కేంద్రాలు వ్యవసాయ విశ్వవిద్యాలయాలలోను, పరిశోధన స్థానాలలోను పనిచేస్తున్నవి. రాజేంద్రనగర్, అనకాపల్లి, తిరుపతి వంటి చోట్ల ఇట్టివి ఉన్నవి. వారానికి రెండు పర్యాయాలు, మంగళవారం, శుక్రవారం, ఇవి సలహాలను వెలువరిస్తున్నవి. 2019లో మేఘదూత్ అనే ఫోను యాప్ వచ్చింది. 2024 అక్టోబరు 24న గ్రామ పంచాయతీ స్థాయిలో సూచనలు అందించే ఏర్పాటు ప్రారంభమైంది. 2025 మే 26న భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే కొత్త గణన విధానాన్ని ప్రవేశపెట్టారు. అంతకు ముందు 12 కిలోమీటర్ల గడులుగా దేశాన్ని విభజించి లెక్క కడుతుండగా, ఇది 6 కిలోమీటర్ల గడులుగా లెక్క కడుతున్నది.

గడి చిన్నదైనంత మాత్రాన సూచన నిజమవుతుందని కాదు. సాయంకాలపు ఉరుముల వాన ఒక పొలంలో కురిసి ప్రక్క పొలాన్ని విడిచి వెళ్ళడం మనకు తెలిసిన విషయమే. అట్టి వానను మూడు దినాల ముందు ఏ ఊరిమీద కురుస్తుందో చెప్పడం ఏ గణన యంత్రానికీ సాధ్యం కాలేదు. బంగాళాఖాతంలో లేచిన అల్పపీడనం మాట వేరు. అది పెద్ద వస్తువు, మెల్లగా కదులుతుంది, ఉపగ్రహం కంటికి కనబడుతుంది. దాని రాకను నాలుగైదు దినాల ముందు చెప్పడంలో మన శాఖ సాధించిన ప్రగతి మెచ్చదగినది. కనుక ఒకే ఫోనులో వచ్చే రెండు సూచనలను ఒకే త్రాసులో తూచరాదు.

వాతావరణ సూచన ఒక ముడిసరుకు మాత్రమే. దానిని సలహాగా మార్చాలంటే పైరు ఏ దశలో ఉన్నదో తెలియాలి. నలభై మిల్లీమీటర్ల వాన పిలకలు వేసే వరికి వరప్రసాదం. అదే వాన పూత సమయంలో, వరి పువ్వు విచ్చుకొనే ఉదయం తొమ్మిది నుండి మధ్యాహ్నం లోపల కురిస్తే పుప్పొడి కొట్టుకొనిపోయి తాలు గింజలు మిగులుతవి. గింజ పండిన తరువాత కురిస్తే వెన్ను మీదనే మొలక వస్తుంది. పూత దశలో ఎండ 35 డిగ్రీలు దాటినా తాలు పెరుగుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల దరిదాపులకు దిగి, ఆకుల మీద మంచుతడి తెల్లవారి చాలసేపటి వరకు ఆరకుండ ఉంటే అగ్గితెగులు వ్యాపిస్తుంది. ఈదురుగాలితో కూడిన వాన తరువాత ఎండాకు తెగులు ఒక మడి నుండి మరొక మడికి ప్రాకుతుంది. ఈ సంబంధాలన్నీ తెలిసిన సేద్యశాస్త్రజ్ఞుడు, వానను లెక్కించే వాతావరణ శాస్త్రజ్ఞుడు ఒక బల్ల దగ్గర కూర్చుంటే గాని మంచి సలహా తయారు కాదు.

అట్లా కూర్చోగలిగే బల్లను జిల్లాకు ఒకటి చొప్పున వేయాలనే సంకల్పంతో 2018 తరువాత కృషి విజ్ఞాన కేంద్రాలలో 199 జిల్లా కేంద్రాలు నెలకొల్పారు. 2024లో వాటిని నిలిపివేశారు. సూచనను గణన యంత్రాలే మండలానికి, పంచాయతీకి లెక్కకట్టి ఇస్తున్నప్పుడు జిల్లాలో మనుషులెందుకు అనే వాదం వినబడింది. ఇది నాకు సమంజసంగా తోచలేదు. వాన లెక్క ఢిల్లీలోనో పూనాలోనో కట్టవచ్చును. కాని తణుకు మండలంలో ఈ వారం వరి చిరుపొట్ట మీద ఉన్నదా, ఈనిందా, కాలువ చివరి ఊళ్ళలో ఊడ్పులు ఇరవై దినాలు వెనుకబడినవా అనే సంగతి అక్కడి గట్లమీద తిరిగే వానికే తెలుస్తుంది. ఆ సంగతి తెలియని సలహా, అన్ని దశలకు వర్తించే మాటలతో నిండి, చివరకు ఏ దశకూ పనికిరాకుండ పోతుంది.

ఇక వాన పడుటకు నూటికి నలభై పాళ్ళు అవకాశం ఉన్నది అనే మాటకు వద్దాము. ఇది చాలమందికి చిరాకు కలిగించే మాట. పడుతుందో పడదో తేల్చి చెప్పక ఈ పాళ్ళ లెక్క ఎందుకు అని అడుగుతారు. ఈ లెక్క తప్పించుకోవడానికి చెప్పేది కాదు. రైతు తన లాభనష్టాలు తాను తూచుకోవడానికి చెప్పేది. ఒక ఉదాహరణ చూద్దాము. ఒక రైతు ఎకరానికి మందు చల్లడానికి కూలితో సహా వేయి రూపాయలు ఖర్చు పెడుతున్నాడనుకొందాము. చల్లిన వెంటనే వాన కురిస్తే ఆ వేయి నీళ్ళపాలు. మూడు దినాలు ఆగితే పురుగు కొంచెం పెరిగి మూడు వందల నష్టం. నూటికి నలభై పాళ్ళు అంటే, ఇట్టి సందర్భాలు పది వస్తే నాలుగింటిలో వాన పడుతుందని అర్థం. పదిసార్లూ చల్లితే నాలుగుసార్లు కొట్టుకొనిపోయి నాలుగు వేలు నష్టం. పదిసార్లూ ఆగితే మూడు వేలు నష్టం. ఆగడమే మేలు. ప్రక్క రైతు చేలో దోమపోటు అప్పటికే వలయాలుగా వ్యాపించింది. అతడు మూడు దినాలు ఆగితే మూడు వేలు నష్టం. అతడు అదే నలభై పాళ్ళ సూచన చూచి కూడ చల్లడమే మేలు. కొట్టుకొనిపోతే మళ్ళీ చల్లుకొన్నా అతనికి గిట్టుతుంది. ఒకే సూచన, రెండు గట్లు, రెండు నిర్ణయాలు, రెండూ సరియైనవే. కనుక సేవ చేసేవారు పాళ్ళను దాచిపెట్టి వాన వస్తుంది, మందు చల్లవద్దు అని మాత్రమే పంపితే రెండవ రైతుకు అపకారం చేసినవారవుతారు.

ఐదు దినాల సూచన ఇట్టి పనులకు చాలును. విత్తనం విషయంలో చాలదు. వర్షాధారంగాను, చెరువుల క్రింద, బావుల క్రింద వరి వేసే తెలంగాణ మెట్ట ప్రాంతాలలో అసలు చిక్కు జూన్ నెలలో వస్తుంది. మొదటి వానలు కురుస్తవి, నేల తడుస్తుంది, నారు పోస్తారు, లేదా వెదజల్లుతారు. తరువాత మూడు వారాలు ఆకాశం ముఖం చాటేస్తుంది. వెదజల్లిన గింజ మొలిచి ఎండిపోతుంది. నారుమడిలో నారు ముదిరిపోతుంది. ముదిరిన నారు నాటితే పిలకలు తగ్గుతవి. చెరువు నిండుతుందో లేదో తెలియక ఏ రకం ఎన్నుకోవలెనో కూడ తేల్చుకోలేరు. 150 దినాల స్వర్ణ వేయడమా, 120 దినాల ఎం.టి.యు. 1010 వేయడమా అన్నది విత్తనం కొన్న తరువాత మార్చుకొనేది కాదు. ఇక్కడ కావలసినది మూడు నాలుగు వారాల ముందుచూపు.

2022లో తెలంగాణలోని 250 గ్రామాలలో ఒక పరిశోధన జరిగింది. జర్మనీలోని పాట్స్‌డామ్ సంస్థ శాస్త్రజ్ఞులు ఋతుపవనాల రాకను నెలకు పైగా ముందుగా చెప్పే పద్ధతి ఒకటి రూపొందించారు. దానిని కొన్ని గ్రామాల రైతులకు తెలిపి, కొన్ని గ్రామాలలో తెలుపకుండ ఉంచి, ఫలితాలను ఆర్థిక శాస్త్రజ్ఞులు పోల్చి చూచారు. వానలు తాము అనుకొన్న దానికంటె ఆలస్యమని తెలిసినవారు సాగు విస్తీర్ణం తగ్గించుకొన్నారు. పెట్టుబడిలో కొంత ఆపుకొన్నారు. అనుకొన్న దానికంటె మేలుగా ఉంటుందని తెలిసినవారు ఎక్కువ పెట్టుబడి పెట్టారు. చెడ్డ కబురు విన్న రైతు పంట తగ్గించడం నష్టంగా కనబడుతుంది. కాని పోగొట్టుకోబోయే విత్తనం, ఎరువు, వడ్డీ మిగలడం కూడ ఆదాయమే కదా! మన వ్యవసాయ ప్రచారంలో ఎక్కువ పండించండి అనే మాటకు అలవాటు పడ్డాము. ఈ ఏడు కొంచెం తక్కువ వేయండి అని చెప్పగలగడం ఈ సేవలు తెచ్చిన కొత్త ధైర్యం.

2025లో ఇది చాల పెద్ద ఎత్తున జరిగింది. కేంద్ర వ్యవసాయ శాఖ 13 రాష్ట్రాలలో 3 కోట్ల 80 లక్షల మంది రైతులకు ఋతుపవనాల రాకను గూర్చి ఫోను సందేశాలు పంపింది. ఈ సూచనలకు కృత్రిమ మేధతో పనిచేసే రెండు గణన విధానాలను వాడారు; ఒకటి గూగుల్ సంస్థది, రెండవది ఐరోపా మధ్యకాలిక వాతావరణ కేంద్రానిది. వీటికి మన వాతావరణ శాఖ వద్ద ఉన్న 125 సంవత్సరాల వాన లెక్కలను జోడించారు. ఆ ఏడు ఋతుపవనాలు మామూలుకంటె ఎనిమిది దినాలు ముందుగా, మే 24న కేరళను తాకినవి. రోహిణి కార్తెలోనే వానలు చూచి విత్తనానికి తొందరపడడం సహజం. కాని తరువాత దాదాపు 20 దినాలు ఋతుపవనాల పురోగమనం నిలిచిపోయింది. ఈ విరామాన్ని ఆ సూచనలు ముందుగా పట్టుకొన్నవి. విరామం కొనసాగినంత కాలం ప్రతి వారం కొత్త సందేశాలు పంపారు. మధ్యప్రదేశ్, బీహారులలో ఫోనుద్వారా విచారించగా, నూటికి 31 మొదలు 52 మంది వరకు రైతులు తమ పనుల వేళలను మార్చుకొన్నామని చెప్పినట్లు ప్రభుత్వం ప్రకటించింది. ఒక్క సంవత్సరపు విజయాన్ని చూచి మురిసిపోరాదు. ఐనా ఈ మారు కబురు విత్తనానికి ముందే చేరింది. అది గొప్ప విషయం.

ఇప్పుడు డెల్టాకు వద్దాము. అక్కడి కథ వేరు. కాలువ నీరు ఉన్నది కనుక జూన్ వానలకోసం ఎదురుచూడనక్కర లేదు. భయం పంట చివరలో, తుఫానుల కాలంలో ఉన్నది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను, 1996 నవంబరులో కోనసీమను పెకలించిన తుఫానును మరచినవారు ఆ ప్రాంతంలో లేరు. ఆ రెండూ సార్వా పంట చేతికి వచ్చే వేళనే వచ్చినవి.

2023 డిసెంబరులో వచ్చిన మిచౌంగ్ తుఫానును తీసుకొందాము. డిసెంబరు 1న బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడింది. 3న తుఫానుగా మారింది. 5న బాపట్ల దాపున తీరం దాటింది. హెచ్చరికలు సకాలంలో వెలువడినవి. సలహా కూడ వచ్చింది: పండిన పంటను కోసి భద్రపరచండి. సలహాలో తప్పేమీ లేదు. ఐతే దానిని పాటించడానికి ఏమి కావలెనో లెక్క వేద్దాము. ఒక ఊరిలో ఎనిమిది వందల ఎకరాలు కోతకు సిద్ధంగా ఉన్నదనుకొందాము. యంత్రం గంటకు ఎకరం చొప్పున, పగటికి పది గంటలు కోస్తే, నాలుగు దినాలలో నలభై ఎకరాలు. ఊరంతా కోయాలంటే ఇరవై యంత్రాలు కావాలి. చుట్టుప్రక్కల ఊళ్ళన్నిటికీ అదే నాలుగు దినాలలో అదే అవసరం. ఆ సమయంలో యంత్రపు అద్దె ఎట్లా ఎగబ్రాకుతుందో చెప్పనక్కర లేదు. నేల తడిగా ఉంటే చక్రాల బండి దిగదు. గొలుసు బండి కావాలి. దాని అద్దె మరింత.

యంత్రం దొరికినదే అనుకొందాము. యంత్రంతో కోసిన ధాన్యంలో తేమ సాధారణంగా నూటికి ఇరవై పాళ్ళకు పైగా ఉంటుంది. కొనుగోలు కేంద్రం 17 పాళ్ళకు మించితే తీసుకోదు. ఆరబెట్టడానికి ఎండ లేదు. తుఫాను వస్తున్నదనే కదా కోసినది! ఆరబోసే స్థలం రోడ్డు అంచు. కప్పడానికి బరకాలు అద్దెకు తేవాలి. యంత్రం దొరకక కూలీలతో కోయిస్తే పనలు చేలోనే ఆరుతూ ఉంటవి. వాన ముంచుకు వస్తే నిలిచి ఉన్న పైరుకంటె నీళ్ళలో నానే పనల నష్టమే అధికం. అందువల్ల నాలుగు దినాల వ్యవధి ఉన్నప్పుడు కోయండి అన్న సలహా, ఒకటిన్నర దినం మాత్రమే మిగిలినప్పుడు కోయవద్దు, కోసిన పనలను కుప్ప వేసి కప్పండి, మురుగు బోదెలు తెరవండి అని మారవలెను. పచ్చిగింజ ఇంకా ఎక్కువగా ఉన్న చేనికి మొదటి నుండి కోయవద్దు అనే చెప్పవలెను. తేదీతో పాటు గంటను, పైరు దశను చూచి మారని సందేశం ఇక్కడ కీడు చేయవచ్చును.

తుఫాను దాటిన తరువాత పంపే సందేశాలకు, నా ఉద్దేశంలో, తగినంత గౌరవం దక్కడం లేదు. వాన వెలిసిన మరునాడు రైతు చేయగలిగిన పనులు నిజంగా ఉన్నవి. చేలో నీరు తీయడం ఒకటి. పడిపోయిన పైరు వెన్నులమీద గింజ మొలకెత్తకుండ లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి, అంటే నూటికి 5 పాళ్ళ ద్రావణం చేసి, చల్లడం మరొకటి. ఉప్పు ప్రతి ఇంటిలోను, ప్రతి కొట్టులోను ఉన్నది, ఖర్చు స్వల్పం, చేతి పంపు ఉంటే చాలును. ఇట్టి చిన్న సలహా ఇరవై నాలుగు గంటలలోపల చేరితే బస్తాలకు బస్తాలు దక్కుతవి. మూడవ నాటికి మొలక కనబడిన తరువాత చేరితే ఉప్పు దండుగ.

ఈ చిక్కులన్నిటిలో రైతు చేతిలో లేనిది ఒకటి ఉన్నది. అది కాలువ తూము. స్వర్ణ వంటి 150 దినాల వరిని జూలై 10న నారు పోస్తే డిసెంబరు 7కు గాని పండదు. జూన్ 5న పోస్తే నవంబరు 2కు చేతికి వస్తుంది. ఈ నెల దినాల తేడాను ఫోనులో ఎన్ని సలహాలు వచ్చినా రైతు సంపాదించలేడు. కాలువకు నీరు ఎప్పుడు వదులుతారో దానిమీద ఆధారపడి ఉన్నది. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోదావరి డెల్టాకు జూన్ 1న, కృష్ణా డెల్టాకు జూన్ 10న నీరు వదలాలని నిర్ణయించింది. నవంబరు తుఫానులకు ముందే కోతలు ముగించడం దీని ఉద్దేశం. వాతావరణ జ్ఞానాన్ని వాడుకొన్న నిర్ణయాలలో దీనికి సాటివచ్చేది అరుదు. ఒక్క తూముతో లక్షల ఎకరాలకు సలహా ఇచ్చినట్లయింది. ఐనా ఇది కూడ సర్వరోగ నివారిణి కాదు. కోనసీమలో మురుగు కాలువలు పూడిపోయి మునుగుతున్న చేలలో ముందుగా నాటినా మునకే. 2011లో అక్కడి రైతులు పంట విరామం ప్రకటించడానికి గల కారణాలలో మురుగు ఒకటి. 2025లో మోంథా తుఫాను అక్టోబరు 28 రాత్రి నరసాపురం దాపున తీరం దాటింది. గింజ పాలుపోసుకొంటున్న పైర్లు పడిపోయినవి. తుఫానులకు మన పంచాంగం తెలియదు. అందుచేత ముందుగా నాటడం, త్వరగా పండే రకాలు, ముంపును రెండు వారాల వరకు తట్టుకొనే స్వర్ణ సబ్-1 వంటి రకాలు, మురుగు కాలువల తవ్వకం, వీటితో జతపడినప్పుడే ఫోనులోని సలహా ఫలిస్తుంది.

సందేశం రూపాన్ని గూర్చి రెండు మాటలు. సాధారణ ఫోను సందేశంలో ఆంగ్ల లిపిలో 160 అక్షరాలు పడతవి. తెలుగు లిపిలో 70 మాత్రమే. గుణింతపు గుర్తులు, ఒత్తులు కూడ విడివిడిగా లెక్కకు వస్తవి. అందువల్ల పొట్టిచేసిన తెలుగు సందేశం ఒక్కొక్కప్పుడు పొడుపు కథవలె ఉంటుంది. అధిక వర్షపాత సంభావ్యత దృష్ట్యా నత్రజని పైపాటు వాయిదా వేయగలరు అనే వాక్యాన్ని వాన రాబోతున్నది, ఇప్పుడు యూరియా చల్లవద్దు అని వ్రాస్తే అక్షరాలు కలిసివస్తవి, అర్థమూ కలిసివస్తుంది. గోదావరి రైతుకు సార్వా, దాళ్వా అనాలి. తెలంగాణ రైతుకు వానాకాలం, యాసంగి అనాలి. చదవడం రానివారికి గొంతుతో చెప్పే సందేశం పంపడం అసాధ్యం కాదు. ఊడ్పులు, కలుపు తీతలు చేసేది స్త్రీలు. ఇంటి ఫోను మాత్రం పురుషుని జేబులో పొలం గట్టు దాటి బజారుకు పోయి ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకొని సందేశం పంపే వేళను ఎన్నుకోవలసి ఉంటుంది.

అన్నిటికంటె పెద్ద లోపం ఫోను సంఖ్యల జాబితాలో ఉన్నది. డెల్టాలో వరి పండించే వారిలో కౌలుదారులు పెద్ద భాగం. భూమి పట్టా ఎవరి పేరున ఉన్నదో వారి సంఖ్యలతో జాబితా తయారు చేసినట్లయితే, తుఫాను వస్తున్నది, పనలు కుప్ప వేయండి అనే కబురు హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న యజమాని ఫోనులో మ్రోగుతుంది. చేలో కొడవలి పట్టుకొన్న వానికి అది చేరదు. పెట్టుబడి అతనిది, అప్పు అతనిది, తడిసిన ధాన్యం అతనిది. కబురు మాత్రం మరొకరిది. సాగుదారు హక్కు పత్రాల కొరకు ఆంధ్రప్రదేశ్‌లో 2019లో చట్టం వచ్చింది. యజమాని సమ్మతి లేక ఆ పత్రం పొందలేని కౌలుదారులు ఉన్నారు. హక్కుల తగాదా తేలేవరకు వాన కబురును ఆపవలసిన పని లేదు. ఫలానా సర్వే నంబరులో సాగు చేస్తున్నది ఎవరు అని అడిగి, అతని ఫోను సంఖ్య వ్రాసుకోవడం వల్ల ఎవరి హక్కుకూ భంగం కలగదు. ప్రతి పంటకాలంలోను పంట నమోదు కొరకు గ్రామ వ్యవసాయ సహాయకులు పొలాలకు వెళుతూనే ఉన్నారు. ఆ సమయంలోనే సాగుదారు సంఖ్యను, నాటిన తేదీని, రకం పేరును ఒక వరుసలో చేర్చుకొంటే, సార్వా వరకు ఆ జాబితా అక్టోబరు మొదటికే సిద్ధమవుతుంది. అప్పుడు బంగాళాఖాతంలో వాయుగుండం లేచిన నాడు, ఈ మండలంలో పండిన చేలు ఏవి, పాలుపోసుకొనే చేలు ఏవి అని విడదీసి, ఒక్కొక్కరికి తగిన మాట ఆ సాయంత్రానికే పంపవచ్చును.